అంటు కట్టే శాస్త్రం - ప్లాస్టిక్ సర్జరీ

‘ప్లాస్టిక్ సర్జరీ’ అనగానే మనలో చాలామందికి ముందు సినిమా తారలు గుర్తొస్తారు. ఆ వెంటనే ఒక సందేహం కూడా వస్తుంది, ముఖంలో ప్లాస్టిక్ ముక్క పెట్టి కుడతారా అని. మొన్న సంక్రాంతి సెలవలకు ఇంటికి వెళ్తే మా పెదనాన్న నన్ను అదే అడిగాడు. ‘ఏందిరా, మన పెద్దారవీడు ఎండలకి అది కరిగిపోదా?’ అన్నాడు. అందరం నవ్వాం గానీ ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. పేరు అలా ఉంది మరి.

నిజానికి ఈ పేరుకీ ప్లాస్టిక్ బిందెకీ సంబంధం లేదు. గ్రీకు భాషలో ‘ప్లాస్టికోస్’ అంటే మలచదగినది అని అర్థం. జర్మనీ వైద్యుడు గ్రేఫే 1818లోనే ముక్కు ఆపరేషన్ల మీద రాసిన పుస్తకానికి ‘రైనోప్లాస్టిక్’ అని పేరు పెట్టాడు. బేకలైట్ అనే కృత్రిమ ప్లాస్టిక్ 1907లో గానీ రాలేదు. అంటే శస్త్రచికిత్సే ముందు, బిందె తర్వాత!

ఈ వ్యాసం రాయటానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా పెద్దమ్మ కొడుకు ఒకడు, నాకు అన్న వరస, ఇరవై ఆరేళ్లవాడు, నెత్తిన జుట్టు పలచబడిందని మిరప డబ్బులకి మరికొంత అప్పు కలిపి హైదరాబాదు పోయి జుట్టు నాటించుకుంటానంటున్నాడు. మా మేనమామ కూతురు చిన్నప్పుడు కాలి మెడ వంకర పోయినా, ‘ప్లాస్టిక్ సర్జరీ మనలాంటోళ్లకి కాదులే’ అని ఏళ్ల తరబడి ఎక్కడికీ వెళ్లలేదు. అవసరం ఉన్నవాళ్లు ఆగిపోయారు, లేనివాడు అప్పు చేసి బయల్దేరుతున్నాడు. ఇద్దరికీ అసలు అక్కడ ఏం చేస్తారో తెలియదు. నేను జీవశాస్త్రం చదువుతున్నాను కాబట్టి చెప్పమని ఇద్దరూ నన్నే పట్టుకున్నారు.

రైతు బిడ్డలకి ఇది చెప్పటం తేలికే. మామిడికి ఒరుపంటు ఎలా కడతారు? తల్లిచెట్టు కొమ్మను కోసెయ్యరు. చెట్టుకి ఉండగానే చెక్కు తీసి, పక్కన కుండీలో ఉన్న మొక్కకి ఆనించి కడతారు. రెండూ అతుక్కుని, కొత్త వేరు నుంచి నీరు అందుతోందని తేలాకనే తల్లి నుంచి కోస్తారు. ప్లాస్టిక్ సర్జరీలో ‘ఫ్లాప్’ అనేది సరిగ్గా ఇదే. చర్మాన్ని ఒక పక్క అసలు చోటునే ఉంచి, అటునుంచి రక్తం అందుతూ ఉండగా కొత్తచోటికి తిప్పి కుడతారు.

మన దేశంలో ఇది కొత్త విద్య కాదు. సుశ్రుతసంహితలో తెగిన ముక్కుకి ఆకుతో కొలత తీసి, ఆ కొలతకి చెంప నుంచి చర్మం లేపి అతికించే పద్ధతి ఉంది. ఊపిరి ఆడటానికి ముక్కు రంధ్రాల్లో రెండు గొట్టాలు పెట్టమన్నాడు. అవి ఆముదపు కాడలు! మన చేల గట్ల మీద ఉండే మొక్కే.

తర్వాతి కథ ఇంకా ఆసక్తికరం. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎద్దులబండి తోలిన కావస్‌జీ అనే అతను టిప్పు సైనికులకి చిక్కాడు. ముక్కూ, ఒక చెయ్యీ కోసేశారు. దాదాపు ఏడాది ముక్కు లేకుండానే గడిపి, చివరికి పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక మరాఠా వైద్యుడి చేత నుదుటి చర్మంతో కొత్త ముక్కు పెట్టించుకున్నాడు. ఆ వైద్యుడు మైనంతో ముక్కు అచ్చు చేసి, దాన్ని పలకలా చదును చేసి, నుదుటి మీద పెట్టి గీత గీశాడు. కనుబొమల మధ్య చిన్న తొడిమ వదిలి చర్మాన్ని లేపి, కిందికి తిప్పి, కాచుతో అతికించాడు. సుమారు ఇరవై అయిదో రోజున ఆ తొడిమ కోశాడు. ఒరుపంటే! లండన్‌లోని ‘జెంటిల్మన్స్ మేగజైన్’ 1794 అక్టోబరులో ఈ సంగతి బొమ్మతో సహా వేసింది. అది చదివిన కార్ప్యూ అనే సర్జను 1814లో లండన్‌లో అదే ఆపరేషన్ చేశాడు. ఇటుకలు చేసేవాళ్ల దగ్గర ఇంగ్లండు నేర్చుకున్న పాఠం ఇది.

రెండో పద్ధతి ‘గ్రాఫ్టు’. ఇందులో తొడిమ ఉండదు. తొడ మీది చర్మాన్ని పలచగా చెక్కి తీసి, గాయం మీద పరుస్తారు. మొదటి ఒకటి రెండు రోజులు ఆ చర్మం కింది గాయంలో ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. ఆ తర్వాత సన్నని రక్తనాళాలు కలుస్తాయి. ఈలోగా అది కదిలినా, కింద నెత్తురు నిలిచినా, చీము పట్టినా చచ్చిపోతుంది. అందుకే కట్టు విప్పొద్దు, కదలొద్దు అని డాక్టర్లు అంతగా చెప్తారు. బీడీ, సిగరెట్టు నాలుగు వారాల ముందునుంచీ మానమనేదీ ఇందుకే. నికోటిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. పొగాకు పండించే ప్రాంతం మనది, ఈ మాట కొంచెం గట్టిగానే చెప్పుకోవాలి.

ఇంకొక సంగతి. ‘మచ్చ లేకుండా చేస్తాం’ అని ఎవరైనా అంటే నమ్మకండి. కత్తి పడ్డచోట మచ్చ పడుతుంది. మంచి సర్జను దాన్ని చర్మం మడతలోనో, జుట్టు కిందనో, చెవి వెనకనో దాస్తాడు. ఎర్రగా, ఎత్తుగా ఉన్న మచ్చ చదునై రంగు తేరటానికి ఏడాది దాకా పడుతుంది. మనలాంటి చామనచాయ, నల్లని ఒంటికి ‘కీలాయిడ్’ అనే గట్టి బొడిపె మచ్చ వచ్చే అవకాశం తెల్లవాళ్లకంటే ఎక్కువ. చెవి తమ్మెలు, ఛాతీ, భుజాలు దానికి ఇష్టమైన చోట్లు. ఇంతకు ముందు చెవి కుట్టించుకున్నప్పుడో, టీకా వేయించుకున్నప్పుడో అలా బొడిపె కట్టి ఉంటే సర్జనుకి ముందే చెప్పాలి.

ఇక మామూలుగా జరిగే ఆపరేషన్లకి వద్దాం. మన పల్లెల్లో అందరికంటే ఎక్కువ పనికొచ్చేది చాలా చిన్నది - తెగిన చెవి తమ్మె కుట్టటం. బరువు కమ్మలు, బుట్టలు వేసి వేసి రంధ్రం సాగి, ఒకనాటికి చీలిపోతుంది. మా అమ్మమ్మ చెవులు రెండూ అంతే. చెవికి మాత్రం మత్తు సూది ఇచ్చి, చీలిన అంచులు పచ్చి చేసి కుడతారు. పాత అంచుల్ని అలాగే దగ్గర పెట్టి కుడితే అతకవు, చెక్కు తీయకుండా అంటు కడితే ఎలా అతకదో అలాగే. చాలావరకు అదేరోజు ఇంటికి రావచ్చు. మళ్లీ కుట్టించుకోవటానికి రెండు మూడు నెలలు ఆగాలి, అదీ మచ్చ మీద కాకుండా పక్కన.

మా అన్న సంగతి దీనికంటే పెద్దది. జుట్టు నాటటమంటే కొత్త జుట్టు పుట్టించటం కాదు. తల వెనక భాగంలో జుట్టుకుదుళ్లకి మగ హార్మోను ప్రభావం అంతగా తగలదు. అవి ముందుకి మార్చినా తమ పుట్టినచోటి గుణమే ఉంచుకుంటాయి. న్యూయార్కులో ఆరెంట్రైక్ అనే డాక్టరు 1950లలో దీన్ని చేసి చూపించాడు. ఇప్పుడు ఒక మిల్లీమీటరు లోపు సన్నని పంచ్‌తో ఒక్కో కుదురూ తీస్తారు. లేదా వెనకనుంచి సన్నని పట్టీ కోసి, దాన్ని కుదుళ్లుగా విడదీస్తారు. అచ్చం నారుమడి! నారు ఎంత ఉందో అంతే నాటగలం. మడి ఖాళీ అయితే రెండో కోతకి ఏమీ మిగలదు. ఒక్కో గ్రాఫ్టులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. కాబట్టి ధర చెప్పేటప్పుడు గ్రాఫ్టుల లెక్కా, వెంట్రుకల లెక్కా అని అడగాలి. ఆ తేడా దగ్గరే చాలామంది మోసపోతారు.

ఆపరేషన్ అయ్యాక వారం పదిరోజులు చెక్కులు కడతాయి. నుదురు, కళ్లు వాచవచ్చు. రెండు నుంచి నాలుగు వారాల్లో నాటిన వెంట్రుకలు చాలామటుకు రాలిపోతాయి! ఇది ముందు చెప్పకపోతే మనిషి గుండె ఆగినంత పనవుతుంది. నాటిన మిరప నారు ముందు వాలి, ఆకు రాల్చి, తర్వాత నిలదొక్కుకున్నట్టే ఇదీ. కింద కుదురు బతికే ఉంటుంది. మూడు నాలుగు నెలలకి మొలక కనిపిస్తుంది, పూర్తి ఫలితం ఏడాదికి. ఈలోగా చుట్టూ ఉన్న పాతజుట్టు ఊడటం ఆగదు, దానికి మందులు వేరే వాడుకోవాల్సిందే. ఇరవై, ఇరవై రెండేళ్లకే తొందరపడి నాటించుకుంటే ముందర ఒక కట్ట, వెనక ఎడారి మిగిలే ప్రమాదం ఉంది.

‘జుట్టు లేకపోతే పిల్లనెవరిస్తార్రా?’ అంటాడు మా అన్న. ఇప్పుడు మా వైపు సేద్యం చేసే కుర్రాళ్లకి జుట్టున్నా పిల్లనిచ్చేవాళ్లు కరువే. ఆ మాట వాడితో అనలేక ఊరుకున్నాను.

ముక్కు సరిచేసే ఆపరేషన్ (రైనోప్లాస్టీ) సాధారణంగా పూర్తి మత్తులోనే చేస్తారు. వారం రోజులు ముక్కు మీద అచ్చుకట్టు, రెండు వారాలు కళ్లకింద నల్లటి కమిలిన మచ్చలు ఉంటాయి. ముక్కుకొన వాపు పూర్తిగా దిగటానికి ఏడాది పడుతుంది. వచ్చే నెలలో పెళ్లి ఉందని చేయించుకుంటే ఫొటోల్లో వాచిన ముక్కే పడుతుంది. ఎముక ఎదుగుదల పూర్తికాకుండా అందం కోసం దీని జోలికి పోకూడదు. మగపిల్లల్లో వయసొచ్చేటప్పుడు రొమ్ములు కాస్త పెరగటం కూడా చాలామంది సిగ్గుతో దాచుకునే సంగతి. అది ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి, అంతే.

కొవ్వు తీసే ఆపరేషన్ (లైపోసక్షన్) గురించే అపోహలు ఎక్కువ. చర్మం కిందికి ఉప్పునీరు, మత్తుమందు, అడ్రినలిన్ కలిపి ఎక్కించి, సన్నని గొట్టంతో కొవ్వు పీలుస్తారు. ఇది బరువు తగ్గించే వైద్యం కాదు. ఒకచోట పేరుకుని వ్యాయామానికి లొంగని కొవ్వుకి మాత్రమే. అయిదు లీటర్లు దాటి తీస్తే దాన్ని పెద్ద ఆపరేషన్‌గా లెక్కిస్తారు. ఒంట్లో నీరు, ఉప్పుల సమతూకం తప్పవచ్చు, రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి చేరవచ్చు. తర్వాత కొన్ని వారాలు బిగుతైన ప్రత్యేక వస్త్రం వేసుకోవాలి. అసలు ఆకారం తేలేది మూడు నుంచి ఆరు నెలలకి.

2001లో ‘నువ్వు నాకు నచ్చావ్’తో మనందరికీ తెలిసిన నటి ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో ముప్ఫై ఒకటో ఏట చనిపోయారు. కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారనీ, శ్వాస ఇబ్బంది పడ్డారనీ అప్పటి పత్రికలు రాశాయి. 2022 మేలో బెంగళూరులో ఇరవై ఒక్కేళ్ల కన్నడ నటి చేతనా రాజ్ కొవ్వు తీసే ఆపరేషన్ తర్వాత చనిపోయారు. 2016లో చెన్నైలో జుట్టు నాటించుకున్న ఒక వైద్య విద్యార్థి ప్రాణం పోయింది. వైద్యం చదివేవాడికే అలా జరిగిందంటే, కరపత్రం చూసి వెళ్లే మనం ఎంత చూసుకోవాలి?

2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ ఈ విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. యూట్యూబులో చూసో, రెండ్రోజుల వర్క్‌షాపులో కూర్చునో నేర్చుకున్నవాళ్లు ఇవి చేయకూడదు, శస్త్రచికిత్సలో పద్ధతిగా శిక్షణ పొందిన వైద్యులే చేయాలి అని. ఎంబీబీఎస్, ఎమ్మెస్ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా దానికి సమానమైన డిగ్రీ ఉందా? మత్తు ఎవరిస్తారు, ఆయన ఆపరేషన్ అయ్యేదాకా గదిలో ఉంటారా? అర్ధరాత్రి ఊపిరాడకపోతే ఆ భవనంలో ఏముంది? ఇవి అడగటానికి మొహమాటం అక్కర్లేదు. విత్తనాల కొట్లో ప్యాకెట్టు తిరగేసి లాట్ నంబరు చూస్తామే, అలాగే. సంతకం పెట్టే కాగితం తెలుగులో చదివి చెప్పమనాలి.

మా మేనమామ కూతురు విషయం చివరికి ఉంచాను. ఆరేళ్లప్పుడు వేడినీళ్ల కాగు మీద పడింది. కాలిన చర్మం మానేటప్పుడు ముడుచుకుంటూ పోయి, గడ్డాన్ని ఛాతీ వైపు లాగేసింది. తల ఎత్తలేదు, బోర్డు చూడాలంటే నడుమంతా వెనక్కి వంచాలి. ఇది అందం సమస్య కాదు. దీన్ని ‘కాంట్రాక్చర్’ అంటారు. కాలిన ముడతలు విడదీయటం, గ్రహణమొర్రి సరిచేయటం వంటివి ఆరోగ్యశ్రీలో, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో, ఉచితంగా చేస్తారు. అందం కోసం చేసేవాటికి ఆ కార్డు పనికిరాదు. ఈ తేడా తెలియకనే వాళ్లు తొమ్మిదేళ్లు ఆగారు. గ్రహణమొర్రి బిడ్డని చూసి ‘పెద్దయ్యాక చూద్దాం’ అనేవాళ్లూ ఉన్నారు. పెదవికి మూడో నెల ప్రాంతంలోనే చేస్తారు. అంగిలికి మాటలు బాగా రాకముందే, ఏడాది అటూఇటూగా.

కిందటేడు ఒక ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఆ పిల్ల మెడ ముడత కోసి విడదీసి, తొడ చర్మం పరిచారు. మెడకంటే తొడ మంటే ఎక్కువంది, రెండు వారాలు. ఆ తర్వాత నెలల తరబడి పగలూ రాత్రీ మెడపట్టీ. తీసేస్తే చర్మం మళ్లీ ముడుచుకుంటుంది. అతికిన చర్మం చుట్టూ ఉన్నదానికంటే ముదురు రంగులో ఉంది, అంచు వెంట గీత కనిపిస్తుంది. మా అత్త దాన్ని చూసి కాస్త చిన్నబోయింది. ఆ పిల్ల మాత్రం మొదటి రోజు గ్లాసెత్తి, తల వెనక్కి వాల్చి, నీళ్లు పైనుంచి పోసుకుని తాగింది. మీద సగం పోసుకుంది. మళ్లీ నింపుకుని తాగింది.

మా అన్న ఇదంతా విని, ‘అయితే రాలిపోయి మళ్లీ మొలుస్తుందంటావా?’ అని రెండుసార్లు అడిగాడు. ఈ ఏడు మిరప ధర చూసి చెప్తాడట. అమ్మమ్మ మాత్రం చెవులు కుట్టించుకోవటానికి సిద్ధంగా ఉంది. ఆవిడ సందేహమొక్కటే, శ్రావణమాసానికి కమ్మలు పెట్టుకోవచ్చా అని. వైశాఖంలో కుట్టిస్తే పెట్టుకోవచ్చు.