గద్ద కింద పడితే నీళ్లు పోయకండి!

ఈ ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలుపెడతా. ఆ తప్పు చేసింది నేనే.

పోయిన సంక్రాంతికి ఆలమూరు వెళ్లాను, మా అమ్మమ్మ గారి ఊరు. కనుమ రోజు మధ్యాహ్నం పెరట్లో కొబ్బరిచెట్టు మీద ఒక గరుడ పక్షి తలకిందులుగా వేలాడుతోంది. తెల్ల తల, ఇటుక రంగు రెక్కలు. గోదావరి గట్టు మీద తిరిగేదే. అది కనిపిస్తే చాలు, మా అమ్మమ్మ చెంపలేసుకుంటుంది. రెక్కకి గాలిపటం మాంజా చుట్టుకుంది. దింపు తీసే ఆయన్ని బతిమాలి చెట్టెక్కించాం. కిందకి తెచ్చాక నేనేం చేశానంటే, దారం పట్టుకుని లాగేశాను. దాహంగా ఉంటుందని ముక్కు తెరిచి నీళ్లు పోశాను. సాయంత్రానికి చచ్చిపోయింది.

తర్వాత ఒక పశువుల డాక్టర్ గారిని అడిగితే, "నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయుంటాయి బాబూ" అన్నారు.

ఎందుకో చూద్దాం. పక్షికి గాలి పోయే రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది. షాక్‌లో ఉన్న పక్షి సరిగ్గా మింగలేదు. మనం పోసిన నీళ్లు నేరుగా అందులోకే పోతాయి. అసలు గద్దలకి కావాల్సిన నీళ్లు చాలావరకు తినే మాంసం నుంచే వస్తాయి.

ఇక దారం సంగతి. రెక్క ముందు అంచున, భుజం నుంచి మణికట్టు దాకా పల్చటి చర్మం ఉంటుంది. అందులో సాగే స్నాయువు ఒకటి ఉంటుంది. అది తెగితే రెక్క పూర్తిగా చాచలేదు. గాజుపొడి పట్టించిన మాంజాని లాగితే రంపంలా కోసేస్తుంది. నేను చేసింది అదే.

సరే, మరి ఏం చెయ్యాలి?

1. మందపాటి తువ్వాలు తల మీదుగా కప్పండి. చీకటైతే పక్షి నెమ్మదిస్తుంది. ముక్కు కన్నా కాలి గోళ్లతోనే ప్రమాదం, కాళ్లు జాగ్రత్త.

2. దారాన్ని గాయానికి అటూ ఇటూ కత్తెరతో కత్తిరించండి. లోపల దిగిన ముక్కని డాక్టర్‌కి వదిలెయ్యండి.

3. గాలి ఆడేలా కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో, అడుగున గుడ్డ వేసి ఉంచండి. పంజరం వద్దు, ఈకలు విరుగుతాయి.

4. నీళ్లు, పాలు, అన్నం ఏదీ పెట్టొద్దు. సెల్ఫీలు, వీడియోలు కూడా వద్దు.

5. వెంటనే అటవీ శాఖకి చెప్పండి. దగ్గర్లో ఉన్న పశువుల ఆసుపత్రికి, లేదా 1962కి ఫోన్ చేసి సలహా అడగండి.

ఇంట్లో పెంచుకుందాం అనుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. నైలాన్ మాంజాని కూడా జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా పండగొస్తే కొట్లో దొరుకుతూనే ఉంది కదా?

గాయం మానితే అయిపోయినట్టు కాదండి. గద్ద వేటాడి బతకాలి. కొంచెం వంకరగా ఎగిరినా ఆకలితో చస్తుంది. అందుకే పెద్ద ఎన్‌క్లోజర్‌లో ఎగిరించి, కండ బలపడ్డాకే వదులుతారు. పెద్ద ఈకలు విరిగితే, అవి రాలి కొత్తవి వచ్చేదాకా నెలల తరబడి ఆగాలి.

ఢిల్లీలో నదీమ్, సౌద్ అని ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. సబ్బు డిస్పెన్సర్లు చేసే కుటుంబం, వెటర్నరీ డిగ్రీ లేదు. మాంసం తినే పక్షిని ఒక పక్షుల ఆసుపత్రి చేర్చుకోలేదని, తామే మొదలుపెట్టారు. అలా వేల గద్దలకి వైద్యం చేశారు. వాళ్ల మీద తీసిన 'ఆల్ దట్ బ్రీత్స్' డాక్యుమెంటరీ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

చివరిగా ఒక మాట. గరుడ పక్షికి దణ్ణం పెట్టే మనమే, గుడ్లగూబ ఇంటి మీద వాలితే అపశకునమని రాళ్లు వేస్తాం. రాత్రంతా వరి చేలో ఎలకల్ని తినేది అదే. దెబ్బ తగిలితే దానికీ ఇదే పద్ధతి: గుడ్డ, పెట్టె, చీకటి, ఫోన్.

ఇది మీ ఊరి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టండి, సంక్రాంతికి ముందే. ఆ రోజు నాకు ఎవరైనా చెప్పుంటే బాగుండేది. ఉంటా మరి, బై.