నాణేల వాడుక పేర్లు

నాణేనికి ప్రభుత్వం పెట్టే పేరు ఒకటి, ప్రజలు పిలిచే పేరు మరొకటి. ఈ వాడుక పేరుకు నిఘంటువులో ‘ఒక నాణెము’ అని మాత్రమే అర్థం వ్రాసి వదలినచో పాఠకునికి విలువా తెలియదు, కాలమూ తెలియదు.

ఇట్టి పేర్లకు తరచు ముద్రయే మూలం. వరాహమూర్తి ముద్ర వలన బంగారు నాణేనికి వరహా అనే పేరు కలిగిందని పెద్దలు చెబుతారు. అయితే శ్రీకృష్ణదేవరాయల వరహాపై కనబడేది బాలకృష్ణుడు. అంతకు ముందరి విజయనగర ప్రభువుల నాణేలపై ఉమామహేశ్వరులు కూడా ఉన్నారు. బొమ్మ మారినా పేరు మారలేదు. కావున కావ్యంలో వరహా ప్రసక్తి కనబడగానే వరాహముద్రను ఊహించుట పొరపాటు.

ఆకారాన్ని బట్టి వచ్చిన పేర్లూ లేకపోలేదు. 1943లో, యుద్ధకాలపు లోహపు కొరత నాడు, నడుమ రంధ్రంతో వెలువడిన కాణీ చిల్లుకాణీ అయింది. చిల్లిగవ్వ ఎరిగిన జాతికి ఆ పేరు వెదుకనక్కరలేదు!

తయారీని బట్టి ఏర్పడిన పేరు మరింత జాగ్రత్తగా చూడదగినది. ‘రూప్య’ శబ్దానికి పాణిని చెప్పిన ‘ఆహత’మనే అర్థం ఓరియంటల్ కళాశాలల వారికి విదితమే. హైదరాబాదు సంస్థానంలో స్థానిక నాణెం హాలీ సిక్కా. బ్రిటిషు ఇండియా రూపాయి కల్దారు. ‘కల్’ అనగా యంత్రం. తరువాత చార్మినారు ముద్రతో సంస్థానపు రూపాయి సైతం యంత్రంపైనే తయారైనా, కల్దారనే పేరు బ్రిటిషు రూపాయికే మిగిలింది. రెండింటిలో కల్దారు విలువ అధికం. ఆ ప్రాంతపు దస్తావేజులలోని రూపాయి ఏదో తేల్చుకోక లెక్క కట్టరాదు.

విభాగాన్ని తెలిపే పేర్లలో బేడ రెండణాలు, పావలా నాలుగణాలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చింది. బేడ పన్నెండున్నర పైసలకు సమానం. అట్టి నాణెం లేదు, పేరు మరుగున పడింది. పావలాకు సరిగా 25 పైసల నాణెం దొరికింది, పేరు బ్రతికింది. తెలంగాణలో అదే చారాణా. 50 పైసలు ఆఠాణా. అణా పోయినా అణాల లెక్క నిలిచిందన్నమాట. 2011 జూన్ 30 నుండి 25 పైసల నాణెమూ చెల్లుబాటు కోల్పోయింది. అయినను నూటికి నెలకు 25 పైసల చొప్పున, అనగా ఏటికి మూడు రూపాయల చొప్పున పడే వడ్డీని నేటికీ పావలా వడ్డీ అనే అంటున్నారు.