విమానానికి వెండి పూత

ఇస్త్రీ పెట్టె, సూది, దారం, జిగురు, పూత. ఈ మాటలు మీలో చాలామంది ఇంట్లో అవ్వ దగ్గర విన్నవే. ఒక విమానం ఎలా తయారవుతుందో చదవడానికి ఇవే మాటలు పనికొస్తాయి.

ఇంటి గరాజులో సొంతంగా చిన్న విమానం కట్టుకునేవాళ్లు ఉన్నారు. అలాంటివాళ్ల కోసం 1953లో అమెరికాలో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ మొదలైంది. మన దక్షిణాఫ్రికాలో కూడా దాని శాఖలు ఉన్నాయి.

ఇలాంటి విమానాల్లో కొన్నింటి రెక్కలకు రేకు బదులు గుడ్డ ఉంటుంది. లోపల కర్రతోనో లోహంతోనో చేసిన పక్కటెముకలు ఉంటాయి. పూర్వం వాటి మీద నూలు గుడ్డ, నార గుడ్డ కప్పేవారు. ఇప్పుడు ఎక్కువగా పాలిస్టర్ వాడుతున్నారు. అమెరికాకు చెందిన రే స్టిట్స్ రూపొందించిన పాలీ-ఫైబర్ పద్ధతికి మంచి పేరుంది. అందులో పని ఎలా సాగుతుందో చూద్దాం.

ముందు గుడ్డను చట్రానికి జిగురుతో అంటిస్తారు. అప్పుడది కాస్త వదులుగా ఉంటుంది. తర్వాత ఇస్త్రీ చేస్తారు. వేడికి గుడ్డ ముడుచుకుని డప్పు తోలులా బిగుస్తుంది. మొదట సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వేడి, చివరికి సుమారు 175. వేడి మరీ ఎక్కువైతే బిగువు పోతుంది. అందుకే ఇస్త్రీ పెట్టె మీది గుర్తులను నమ్మరు. థర్మామీటరుతో కొలుస్తారు.

తర్వాత లేత గులాబీ రంగు పూత. ఇది గుడ్డ నేతలోకి దిగి గట్టిగా పట్టుకుంటుంది. ఆపైన పొడవాటి సూదితో, గట్టి దారంతో గుడ్డను పక్కటెముకలకు కుడతారు. ఎగిరేటప్పుడు రెక్క మీది గుడ్డను గాలి పైకి లాగుతుంది. ఊడిపోకుండా ఈ కుట్లు ఆపుతాయి. కుట్ల మీద గుడ్డ పట్టీలు అంటిస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. పాలిస్టర్ వానకు తట్టుకుంటుంది, ఎండకు తట్టుకోలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని బలాన్ని మెల్లమెల్లగా తినేస్తాయి. అలా బలం పోయిన గుడ్డ ఆకాశంలో చినిగితే పైలట్ ప్రాణానికే ముప్పు. అందుకని అల్యూమినియం పొడి కలిపిన వెండి రంగు పూత వేస్తారు. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా, ఇలా కొన్ని పొరలు వేస్తారు. చాలిందో లేదో చూడటానికి రెక్క లోపల దీపం పెడతారు. బయటికి వెలుతురు కనిపిస్తే ఇంకా పూత కావాలి.

చివరికి పసుపో, ఎరుపో, మీకు నచ్చిన రంగు. కానీ ఇక్కడ ఆశ తగ్గించుకోవాలి, ఎందుకంటే ప్రతి పొరా బరువే. రెక్కల్లో, తోకలో కదిలే భాగాలకు రంగు వేశాక వాటి బరువు సరిగా తూగుతోందో లేదో మళ్లీ చూడాలి. తూగకపోతే వేగంలో అవి అదిరి విరిగిపోవచ్చు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు రంగు తెల్లగా పాలిపోవచ్చు. డర్బన్ వేసవిలో ఈ పని చేసేవారికి చాలా ఓపిక కావాలి!

"పైన పటారం, లోన లొటారం" అని మన సామెత. పైకి ఆర్భాటం, లోపల డొల్ల అని అర్థం. మంచి విమానం గురించి ఆ మాట అనలేం. మీ దగ్గరి ఎయిర్‌ఫీల్డులో గుడ్డ రెక్కల విమానం కనిపిస్తే రంగు బాగుందని తప్పకుండా చెప్పండి. ఆ తర్వాత కింద దాగిన వెండి పూత గురించి అడగండి. యజమాని ముఖం వెలిగిపోతుంది.