డబ్బా మారినా ఫర్వాలేదు, చెంచా చూసుకోండి

విశాఖలో స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో పనిచేసి రిటైరైన దంపతులను పలకరించండి. "పెద్దవాడు డాలస్‌లో, అమ్మాయి సిడ్నీలో" అనే మాట తరచూ వినిపిస్తుంది. ఈ మధ్య పురుళ్లు పోయడానికి అమ్మమ్మలే విమానం ఎక్కుతున్నారు గానీ, కాన్పుకు పుట్టింటికి వచ్చే అమ్మాయిలూ తక్కువేం కాదు. గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో పుట్టిన బిడ్డకు పాస్‌పోర్టు, వీసా చేతికొచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. డబ్బా పాలు అలవాటైన బిడ్డయితే, టికెట్లు కొనగానే ఇంట్లో మొదలయ్యే చర్చ ఒకటే: "అక్కడ ఈ డబ్బా దొరుకుతుందా?" దొరకదని తెలిశాక ఆవకాయ సీసాల పక్కన, కందిపొడి పొట్లాల పక్కన పాలపొడి డబ్బాలు కూడా సూట్‌కేసులోకి చేరతాయి.

అన్ని డబ్బాలు మోయనక్కర్లేదు. తల్లి పాలిస్తున్నట్టయితే, దేశం మారుతున్నామని ఆ పాలు మాన్పించాల్సిన పనీ లేదు. ఇక్కడ చెప్పేది పోతపాల మీద ఉన్న పిల్లల సంగతి.

పాలపొడి అంటే ఆవుపాలను ఆరబెట్టి డబ్బాలో పోసింది కాదు. పాలలోని మాంసకృత్తుల పాళ్లు మార్చి, వెన్న తీసేసి మొక్కల నూనెలు చేర్చి, లాక్టోజ్, ఇనుము, విటమిన్లు కలిపి తల్లిపాలకు వీలైనంత దగ్గరగా తయారుచేస్తారు. దీనికి అంతర్జాతీయ ప్రమాణం 1981 నుంచీ ఉంది. కోడెక్స్ అనే ఆ ప్రమాణం ప్రకారం కలిపిన పాలు 100 మిల్లీలీటర్లలో 60 నుంచి 70 కిలోకేలరీలు ఉండాలి. దేశదేశాల నిబంధనల్లో చిన్నచిన్న తేడాలున్నా, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఇచ్చే మామూలు పాలపొడి ఎక్కడైనా ఈ చుట్టుపక్కలే ఉంటుంది. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 1950లలో గేదెపాలతో కూడా పిల్లల పాలపొడి చేయవచ్చని చూపించారు. అమూల్ దాన్నే మార్కెట్లోకి తెచ్చింది. ఆ డబ్బా పాలతో ఒక తరం పిల్లలు పెరిగారు. కంపెనీ మారితే బిడ్డ తట్టుకోలేడన్న భయం మనదే.

తేడాలు అసలు లేవని కాదు. కొన్నింటిలో పిండిపదార్థం మొత్తం లాక్టోజే, కొన్నింటిలో మాల్టోడెక్స్‌ట్రిన్ కూడా ఉంటుంది. పామాయిల్ ఉన్న పొడి తాగే పిల్లలకు విరేచనం కాస్త గట్టిగా అవుతుంది. ఇనుము ఎక్కువున్న పొడికి మారితే మలం ముదురు ఆకుపచ్చ రంగులోకి తిరగవచ్చు. ఇంకో సంగతి, డబ్బా మీద పేరు ఒకటే అయినంత మాత్రాన లోపలి పొడి ఒకటే కాదు. సిమిలాక్ మన దగ్గరా ఉంది, అమెరికాలోనూ ఉంది. రెండింటి తయారీ వేరు. కాబట్టి "అదే బ్రాండు దొరికింది" అని ఊపిరి పీల్చుకున్నవాళ్లు కూడా పొడి మార్చినట్టే.

అసలు ప్రమాదం డబ్బాలో పడేసి ఉండే ప్లాస్టిక్ చెంచాతో. మన దగ్గర దొరికే డబ్బాల్లో సాధారణంగా 30 మిల్లీలీటర్ల నీటికి ఒక చెంచా. ఆ చెంచాలో నాలుగైదు గ్రాముల పొడి పడుతుంది. అమెరికా డబ్బాల్లో ఎక్కువగా రెండు ఔన్సుల నీటికి ఒక చెంచా, అంటే దాదాపు 60 మిల్లీలీటర్లకు. అందులో ఎనిమిది తొమ్మిది గ్రాములు పడుతుంది. ఆస్ట్రేలియాలో 50 మిల్లీలీటర్లకు ఒక చెంచా అనే డబ్బాలూ ఉన్నాయి. ఇప్పుడు విశాఖలో నెలల తరబడి "120 నీళ్లకు నాలుగు చెంచాలు" అని చేతికి అలవాటైన అమ్మమ్మ డాలస్‌లో అదే లెక్కన కలిపితే, పాలు రెట్టింపు చిక్కన అవుతాయి. బిడ్డ ఒంట్లో నీరు తగ్గి, రక్తంలో సోడియం పెరిగి, మూత్రపిండాల మీద భారం పడుతుంది. తిరుగు ప్రయాణంలో దీనికి తారుమారు: అమెరికా లెక్కన 120కి రెండే చెంచాలు మన డబ్బాలోంచి వేస్తే పాలు సగానికి సగం పలచన. అలా కొన్నాళ్లు సాగితే బిడ్డ బరువు పెరగడు. మరీ నీళ్లలా ఉంటే సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే ముందు నీళ్లు కొలిచి పోయాలి, తర్వాత ఆ డబ్బాలో వచ్చిన చెంచాతోనే, అదిమి నింపకుండా, పైన చదును చేసి వేయాలి. ఔన్సుల గీతలున్న సీసా, మిల్లీలీటర్ల గీతలున్న సీసా ఒకే వంటింట్లో కలగాపులగం కాకుండా చూసుకోవాలి.

రెండో తికమక అంకెలది. మన డబ్బాల మీద ఆరు నెలల దాకా 1, ఆ తర్వాత 2, ఏడాది దాటాక 3, 4 అని ఉంటాయి. ఏడు నెలల బిడ్డతో అమెరికా వెళ్లిన తండ్రి దుకాణంలో "2" కోసం వెతుకుతాడు. అక్కడ పుట్టిన రోజు నుంచి ఏడాది దాకా మామూలుగా ఒకటే పొడి. పెద్ద అంకె ఉన్న డబ్బా చేతికి దొరికితే, అది ఏడాది దాటిన పిల్లలకు అమ్మే పానీయం అయ్యే అవకాశం ఎక్కువ, పసిబిడ్డకు సరిపడదు. బ్రిటన్‌లోనూ మొదటి దశ పాలపొడే ఏడాది దాకా చాలని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ చెబుతుంది. అంకె వదిలేసి డబ్బా మీద ముద్రించిన వయసు చదవండి. అమెరికాలో కాస్ట్‌కో, వాల్‌మార్ట్ లాంటి దుకాణాలు సొంత పేరుతో అమ్మే చవక డబ్బాలను చూసి అనుమానపడేవాళ్లున్నారు. పోషకాల విషయంలో ఖరీదైన డబ్బాలకు ఉన్న అక్కడి ఆహార, ఔషధ సంస్థ (ఎఫ్‌డీఏ) నిబంధనలే వాటికీ ఉన్నాయి. ధర చూసి నాణ్యత లెక్కగట్టే మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

ప్రకటనల సంగతీ చెప్పుకోవాలి. మన దేశంలో 1992 చట్టం వల్ల డబ్బా పాలకు ప్రకటనలు లేవు, డబ్బా మీద బొద్దు పాపాయి బొమ్మ ఉండదు, తల్లిపాలే శ్రేష్ఠమన్న మాట తప్పనిసరిగా ఉంటుంది. 2003లో సవరించాక రెండేళ్ల లోపు పిల్లల ఆహారానికంతటికీ ఈ నిషేధం వర్తిస్తోంది. పాలపొడి ప్రచారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ నియమావళి 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ముందుకు వచ్చినప్పుడు 118 దేశాలు అవుననగా, కాదన్నది అమెరికా ఒక్కటే. మన అమ్మాయి అక్కడ దిగేసరికి ఏడుపు తగ్గించేదనీ, మెదడు పెంచేదనీ రకరకాల డబ్బాలు అరల నిండా పలకరిస్తాయి. మామూలు రకం తాగుతున్న బిడ్డకు మామూలు రకమే ఎంచుకోండి. లాక్టోజ్ తగ్గించినవి, సోయావి డాక్టరు చెబితేనే.

ఒకే బ్రాండును పట్టుకు వేలాడటం ఎంత చిక్కో 2022లో తెలిసింది. మిషిగన్ రాష్ట్రం స్టర్జిస్‌లోని అబాట్ కర్మాగారం ఫిబ్రవరిలో మూతపడ్డాక అమెరికాలో చాలాచోట్ల అరలు ఖాళీ అయ్యాయి. మే నెల నుంచి ప్రభుత్వమే విమానాల్లో విదేశీ పాలపొడి తెప్పించింది. ఏ డబ్బా దొరికితే ఆ డబ్బాకు మారక తప్పని ఇళ్లు ఎన్నో.

మరి ఎప్పుడు మార్చాలి? ప్రయాణం వారంలో మాత్రం వద్దు. విమానం, నిద్ర వేళలు తలకిందులు కావడం, కొత్త చలి, వీటి మధ్య బిడ్డ ఏడిస్తే కారణమేదో తెలియదు. కొద్ది రోజులకు సరిపడా పాత పొడి వెంట ఉంచుకుని, బిడ్డ నిద్ర కుదురుకున్నాక మొదలుపెట్టండి. మామూలు ఆవుపాల పొడి నుంచి అలాంటిదే మరోదానికి ఒక్కసారిగా మారినా ముప్పు లేదు. రుచి అలవాటు కావాలనుకుంటే రోజుకొక సీసా చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. రెండు పొడులను ఒకే సీసాలో వేసి కలపకండి, చెంచాల లెక్క చెడుతుంది. వేటికవి కలిపి, పాలయ్యాక కావాలంటే ఒకదానిలో ఒకటి పోయండి. నాలుగు రోజులు గ్యాసు, రంగు మారిన విరేచనం మామూలే. మలంలో రక్తం, ఒంటిమీద దద్దుర్లు, ఆగని వాంతులు, తడి డైపర్లు తగ్గిపోవడం మాత్రం దిష్టి అని ఎర్రనీళ్లు తీసే వ్యవహారం కాదు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆవుపాలు పడనివాళ్లకు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు వాడే ప్రత్యేక పొడి సంగతి వేరు. అది మార్చే ముందు ఇక్కడి డాక్టరును అడిగి, చీటీ రాయించుకుని వెళ్లండి.

సూట్‌కేసులో డజను డబ్బాలు వద్దనడానికి ఇంకో కారణం ఉంది. పశువుల గాలికుంటు వ్యాధి ఉన్న దేశాల పాల పదార్థాలపై అమెరికాలో ఆంక్షలున్నాయి. చంటిబిడ్డ కోసం కొద్ది రోజులకు సరిపడా తెచ్చుకోనిస్తారు, కస్టమ్స్ కాగితంలో రాయాలి. ఆస్ట్రేలియాలోనూ రాసి చూపించాల్సిందే. చేతి సంచిలో ద్రవాలు వంద మిల్లీలీటర్లకు మించకూడదన్న నియమం అమెరికా విమానాశ్రయాల్లో పసిపిల్లల పాలకు లేదు, తనిఖీ దగ్గర ముందుగా చెబితే చాలు. దారిలో ఒక్కో పూటకు సరిపడా పొడిని విడివిడి డబ్బీల్లో కొలిచి పెట్టుకోవడం మేలు.

పాలపొడి సూక్ష్మజీవుల్లేని పదార్థం కాదు. అందుకే కనీసం 70 డిగ్రీల వేడి నీళ్లతో కలిపి, చల్లార్చి పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నీళ్లు మరిగాక అరగంట లోపు కలిపితే ఆ వేడి ఉంటుంది. అమెరికా డబ్బాల మీద తరచూ ఈ మాట కనబడదు. రెండు నెలల లోపు పిల్లలకు, నెలలు తక్కువ పిల్లలకు మన కాచిన నీళ్ల అలవాటే మంచిది. నల్గొండ ఫ్లోరోసిస్ కథ తెలిసినవాళ్లు అమెరికాలో చాలా ఊళ్లలో కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతారని విని ఉలిక్కిపడతారు. కలిపేది లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. మన ప్రమాణంలోని 1 మిల్లీగ్రాము కన్నా తక్కువే.

బిడ్డకు ఏడాది నిండవస్తుంటే ఈ తతంగమంతా అనవసరం. పుట్టినరోజు దాటాక మామూలు ఆవుపాలు, ఇంటి తిండి చాలు.

సెలవులకు మనవడు విశాఖ వచ్చినప్పుడు అమెరికా డబ్బా ఒకటి, మెడికల్ షాపులో కొన్న డబ్బా ఒకటి వంటింటి గట్టు మీద పక్కపక్కనే చేరతాయి. డబ్బా అయిపోగానే దాని చెంచాను పోపుల పెట్టెలోకో కాఫీ పొడి సీసాలోకో చేర్చకండి. డబ్బాతో పాటే పారేయండి.