అరుదైన వ్యాధి - అరచేతి యంత్రము

2021వ సంవత్సరము జూను మాసమున సికింద్రాబాదు విక్రమపురి కాలనీలోని రెయిన్‌బో పిల్లల ఆసుపత్రియందు మూడేండ్ల బాలునకొక మందు నెక్కించిరి. మోతాదొక్కటే, వెల పదునారు కోట్ల రూపాయలు. తల్లిదండ్రులకు అంత ధనమెక్కడిది? సెల్‌ఫోను మూలమున లోకమునకు మొఱపెట్టుకొనగా 60,000 మందికి పైబడిన దాతలు ఇంపాక్ట్‌గురు అను విరాళవేదిక ద్వారమున మూడున్నర మాసములలో నందలి అధికభాగమును సమకూర్చిరి. దిగుమతి సుంకమును, పన్నును కేంద్రప్రభుత్వము మినహాయించెను.

ఆ వ్యాధి పేరు స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ. ఒకే జన్యులోపము తల్లియందును తండ్రియందును గుప్తముగా నుండి, ఇరువైపులనుండియు బిడ్డకు సంక్రమించినచో, కండరములను నడపు వెన్నుపాములోని నరకణములు క్రమముగా నశించును. బుద్ధికి లోటుండదు. మెడ నిలువదు, కాలు కదలదు. ముదిరినచో ఊపిరి తీయుటయే కష్టమగును. సుమారు పదివేల జననములలో నొకరికి వచ్చునందురు. రక్తసంబంధులలో ఒకే జన్యులోపము ఇరువురియందు నుండుట కవకాశ మెక్కువ గనుక మేనరికములు, మేనమామ వివాహములు ఇట్టి వ్యాధులకు దారితీయును. ఆస్తి చెదరకుండ సంబంధములు కలుపుకొను కుటుంబములకిది రుచింపని మాటయే. అయినను చెప్పక తప్పదు.

దాతల ఔదార్యమును మేము మనసార కొనియాడుచున్నాము. కాని విరాళములు రోగము ననుసరించి రావు, ప్రచారము ననుసరించి వచ్చును. ఫోను వాడుటలో నేర్పును, పలుకుబడిగల మిత్రులును, చూపరుల హృదయము కరగించు ఛాయాచిత్రమును గలవారి మొఱ వినబడును. ఆదిలాబాదు గూడెములోని తల్లి మొఱ యెవరు విందురు? 2022లో ఇదే ఆసుపత్రియందు భద్రాద్రి కొత్తగూడెము జిల్లా పసిపాపకు అదే మందు ఉచితముగా లభించెను. ఎట్లు? మందు తయారుచేయు కంపెనీ తీసిన లాటరీలో ఆ పాప పేరు వచ్చినది! సంతోషింపవలసిన వార్తయే గాని, బిడ్డ ప్రాణము చీటిపై నాధారపడుట నాగరిక రాజ్యమునకు శోభనీయమా?

2021లో కేంద్రప్రభుత్వము అరుదైన వ్యాధుల జాతీయ విధానమును ప్రకటించి, మరుసటి యేడు సహాయపు పరిమితిని రోగి యొక్కింటికి 50 లక్షల రూపాయలకు పెంచెను. హైదరాబాదులో సి.డి.ఎఫ్.డి., నిమ్స్ సంస్థలు కలిసి ఇందుకు కేంద్రముగా నున్నవి. విరాళములకై ప్రభుత్వమే ఒక పోర్టలును తెరచినది. ఆసుపత్రి రోగి వివరములను నమోదుచేయగా, దాత తానెన్నుకొన్న రోగికి సొమ్ము పంపవచ్చును. వార్తలు శ్రద్ధగా చదువు మన పాఠకులలోనైనను దాని పేరు విన్నవారెందరు?

ఇంతలో మన నగరమునుండియే మేలైన వార్త వచ్చినది. హైదరాబాదునందలి నాట్కో ఫార్మా సంస్థ ఈ వ్యాధికి నోటితో పుచ్చుకొను రిస్డిప్లామ్ మందును తయారుచేయ బూనెను. పేటెంటుగల రోష్ సంస్థ ఢిల్లీ హైకోర్టు కెక్కెను. న్యాయస్థానము నిషేధాజ్ఞ నీయలేదు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టును జోక్యము చేసికొనలేదు. రోష్ వారి సీసా వెల ఆరు లక్షలకు పైమాట. నాట్కో ప్రకటించిన వెల 15,900 రూపాయలు. ఇరువది కిలోల బరువు దాటినవారికి సీసా పండ్రెండు దినములు వచ్చును. అనగా ప్రభుత్వమిచ్చు 50 లక్షలు పాత వెలకు మూడు మాసముల పైచిలుకు మాత్రమే చాలును. కొత్త వెలకు పదేండ్లు చాలును. ఈ లెక్క ముందు ఏ ఉపన్యాసము నిలుచును?

అయితే మందు చేతికి వచ్చినంతమాత్రమున పని తీరదు. ఇది నిత్యము ఒకే వేళకు జీవితాంతము పుచ్చుకొనవలసినది. సీసాను చల్లని పెట్టెలో నుంచవలెను. చిన్నపిల్లలకు బరువునుబట్టి మోతాదు మారును. కీళ్లు బిగియకుండ ప్రతిదినము వ్యాయామము చేయింపవలెను. సెల్‌ఫోను అసలు ఉపయోగమిచ్చటనే యున్నది. వేళకు గంట మ్రోగించుటకును, బరువును శ్వాసను వ్రాసియుంచుటకును, బిడ్డ చేయి నిన్నటికన్న నెంత యెత్తుకు లేచినదో చిత్రము తీసి వైద్యునికి పంపుటకును అది చాలును. ఇదే వ్యాధిగల బిడ్డల తల్లులు వాట్సాప్ మూలమున నొకరికొకరు చెప్పుకొను మెలకువలు పుస్తకములలో దొరకవు. ఈ-సంజీవని ద్వారా దూరమునుండి వైద్యుని సలహా పొందుట 2020 నుండియే సాధ్యమైనది.

కదలలేని బిడ్డను జీపులో, రైలులో మోసికొని ఖమ్మమునుండి పంజాగుట్టకు వచ్చుటలో తల్లిదండ్రులు పడు బాధ యెంతటిదో అధికారు లాలోచింపవలెను. రెండు పరీక్షల నడుమ జరుగు విచారణను తెరమీదనే జరుపుటకు వారమున కొకదిన మేర్పరచి, ఆ దినమున తెలుగున మాటలాడు వ్యాయామ చికిత్సకుని, నర్సును నియమింపుడని నిమ్స్ అధికారులను కోరుచున్నాము. రోగుల నమోదు పత్రములును, పోర్టలులోని వివరములును తెలుగున నుండవలెను. జిల్లా ఆసుపత్రిలోని పిల్లల వైద్యుడు మెడ నిలువని బిడ్డను చూచిన దినముననే ఆ నమోదు ప్రారంభింపవలెను. ఈ వ్యాధియందు నశించిన నరకణము తిరిగి రాదు.