రాతి మీది పేరు, ఇంట్లో పలకాల్సిన పేరు

యుద్ధంలో పోయిన సైనికుడి ఆనవాలును ఇంటికి చేర్చే ఫొటోల కథ... పెత్రమాస వేళ ప్రొద్దుటూరు నుంచి

పెత్రమాస (పితృ అమావాస్య) సంచికకు ముఖచిత్ర కథనం గురువారం సాయంత్రానికల్లా అందాలన్నారు సంపాదకులు. యుద్ధంలో పోయిన సైనికుల సమాధులను ఫొటో తీసి ఇంటివాళ్లకు పంపడం గురించి రాయాలి. మా ప్రొద్దుటూరు కడప జిల్లాది కాదు, శంకర్‌పల్లి పక్కది. ఇంటి అరుగు మీద పాత కాగితాల ప్రతులు తిరగేస్తుంటే ఒకదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అది మొదటి ప్రపంచ యుద్ధం నాటి అట్ట. దాని మీద సమాధి ఫొటో అతికించి ఉంది. కింద సైనికుడి హోదా, పేరు, సమాధి ఉన్న చోటు. వాటితోపాటు ఇంకో వివరం: దగ్గరి రైల్వే స్టేషన్. ఎప్పటికైనా రాగలిగితే ఎక్కడ దిగాలో ఆ సైనికుడి తల్లికి ముందే చెప్పి ఉంచారు. ఆ ఒక్క లైను నన్ను పట్టేసింది. మా ఊరికి దగ్గరి స్టేషన్ శంకర్‌పల్లి. సికింద్రాబాద్-వాడి దారిలో 1874 నుంచి రైళ్లు తిరుగుతున్నాయి. మా వైపు ఊరు విడిచినవాడు రైలెక్కేదీ, తిరిగొస్తే దిగేదీ అక్కడే.

చరిత్ర క్లుప్తంగా: 1914లో రెడ్‌క్రాస్ దళంతో ఫ్రాన్స్ వెళ్లిన ఫేబియన్ వేర్ సమాధుల వివరాలు నమోదు చేయించారు. 1917 మే 21న ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఏర్పడింది. ఇప్పుడది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. మృతదేహాలను స్వదేశానికి పంపకూడదని నిర్ణయించడంతో చాలా ఇళ్లకు ఫొటోయే దిక్కయింది. నేడు 'వార్ గ్రేవ్స్ ఫొటోగ్రాఫిక్ ప్రాజెక్ట్' స్వచ్ఛంద సేవకులు ఆ ఫొటోలు తీసే పని చేస్తున్నారు.

"మనోళ్లను కాలుస్తరు గదా బిడ్డా, సమాధి యాడుంటది?" అన్నది అమ్మ.

ఆ ప్రశ్నే నా వెతుకులాటను మయన్మార్‌కు, యాంగోన్‌కు ఉత్తరాన ఉన్న తౌక్‌క్యాన్‌కు తీసుకెళ్లింది. అక్కడ రెండో ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ల సమాధులు 6,374 ఉన్నాయి. వాటి నడుమ 1958 ఫిబ్రవరి 9న ఆవిష్కరించిన రంగూన్ స్మారకం నిలబడి ఉంది. దాని స్తంభాల మీద సుమారు 27,000 పేర్లు. చాలామంది భారతీయులే, మద్రాసు దళాల వాళ్లూ ఉన్నారు. తమ ఆచారం ప్రకారం దహనమైన వెయ్యి మందికి పైగా సైనికులకు పక్కనే వేరే స్మారకం కట్టారు. వీళ్లకు సమాధి ఫొటో ఉండదు. పేరే ఫొటో. ఎండ నెత్తిన ఉంటే చెక్కిన అక్షరాలు రాతిలో కలిసిపోతాయి. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు వెలుగు పడితే, అక్షరం గాడిలో నీడ నిలిచి పేరు కనిపిస్తుంది.

అంత్యక్రియలు దక్కనివాళ్ల పేర్లు ఇవని రంగూన్ స్మారకమే చెబుతుంది. స్వేచ్ఛాజీవులందరి కోసం వీళ్లు ప్రాణాలిచ్చారన్న మాటను ఇంగ్లిష్, బర్మీస్, హిందీ, ఉర్దూ, గురుముఖిలో చెక్కారు. తెలుగు లేదు. ఒకప్పుడు రంగూన్ రేవులో మూటలు మోసిన తెలుగువాళ్లను 'కోరంగివాళ్లు' అనేవారు. ఆ నేల మన అడుగులు ఎరిగినదే. అందుకే ఆ లోటు నన్ను మరింత బాధించింది.

పెత్రమాస నాడు మా ఇంట్లో అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాం. పెద్దల పేర్లు ఒక్కొక్కటీ చెప్పాలి. మనకు సమాధి లేకున్నా నడుస్తుంది, పేరు లేకుంటే నడవదు. రాతి మీది పేరును ఇంటికి తెచ్చే ఫొటో మన ఆచారానికి పరాయిది కాదని నా నమ్మకం.

ఫోన్‌లో ఆ స్తంభం చూపిస్తే అమ్మ, "సదువు" అన్నది. ఒక వరుస చదివాను.

"ఈళ్ల పేరు మీద యాడన్న బియ్యం ఇస్తున్నరో లేదో" అన్నది.

మీ ఇంటి పేరు వెతకాలంటే

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. కొన్ని నమోదుల్లో తల్లిదండ్రులు, భార్య, ఊరు, జిల్లా వివరాలు కూడా ఉంటాయి. పేర్లు ఆనాటి ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఉంటాయి. విశాఖపట్నం 'విజగపటమ్' కావచ్చు, కాకినాడ 'కొకనాడ' కావచ్చు. ఒకే పేరును నాలుగు రకాలుగా రాసి చూడండి. దళం పేరు, సర్వీస్ నంబరు తెలిస్తే వెతకడం తేలికవుతుంది.