వైప్స్ ప్యాకెట్ వెనక వైపు

మందుల షాపులో పిల్లల వైప్స్ అడిగితే కౌంటరు మీదికి నాలుగు రకాలు వస్తాయి. ఒకదాని మీద కలబంద మట్ట, ఒకదాని మీద వెదురు గణుపు, ఇంకోదాని మీద నీటి చుక్క. అన్నింటి మీదా నవ్వుతున్న పసిబిడ్డ. 'జెంటిల్', 'ప్యూర్', 'ఎకో' అన్న మాటలు ముందు వైపు పెద్దగా ఉంటాయి. లోపల ఏమున్నదో చెప్పే వరుస మాత్రం వెనక, అతుకు పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కొనేవాళ్లు చదవాల్సింది దాన్నే.

చదివేటప్పుడు రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. గుడ్డను తడిపిన ద్రవంలో ఏముంది? ఇది బిడ్డ చర్మానికి సంబంధించింది. ఆ గుడ్డను దేనితో చేశారు? ఇది మట్టికి, కాలువలకు సంబంధించింది. ఈ రెండింటినీ కలగలిపి ఒకే మంచిమాటగా అమ్మడం కంపెనీల అలవాటు. '99 శాతం నీళ్లే' అని రాసిన ప్యాకెట్లో గుడ్డ పాలిస్టర్‌ది కావచ్చు. 'వెదురు నార' అన్నదాంట్లో ఘాటైన సెంటు ఉండొచ్చు.

ముందు ద్రవం సంగతి చూద్దాం. అందులో ఎక్కువ భాగం నీళ్లే. పేచీ అంతా మిగిలిన ఆ కొంచెంతోనే. తడిగుడ్డను మడిచి, మూత పెట్టి నెలల తరబడి అలమరలో ఉంచితే బూజు పడుతుంది, బాక్టీరియా పెరుగుతుంది. అలా కాకుండా ప్రిజర్వేటివ్ కలుపుతారు. కాబట్టి 'కెమికల్స్ లేవు' అనే మాటకు అర్థం లేదు. అసలు ప్రిజర్వేటివే లేని తడి ప్యాకెట్టును చూస్తేనే నాకు ఎక్కువ భయం. ఉందా లేదా అని కాదు, ఏది ఉంది అని అడగాలి.

ఒక పేరు తప్పకుండా గుర్తు పెట్టుకోండి: మిథైల్‌ఐసోథియాజోలినోన్. పలకడం కష్టమే, ప్యాకెట్ మీద పొడవుగా కనపడుతుంది కనుక గుర్తుపట్టడం సులువు. పారాబెన్‌లనే ప్రిజర్వేటివ్‌ల మీద జనానికి భయం పుట్టాక చాలా కంపెనీలు దీనివైపు మళ్లాయి. తర్వాత చర్మ డాక్టర్ల దగ్గరికి ఎర్రటి, పొలుసుబారిన దద్దులతో పిల్లలు రావడం మొదలైంది. దద్దులు పిరుదుల మీదే కాదు, నోటి చుట్టూ కూడా. మూతి తుడిచేదీ అదే వైప్‌తో కదా! పిల్లల్ని తుడిచే పెద్దవాళ్ల చేతులకూ వచ్చింది. అమెరికాలో కాంటాక్ట్ డెర్మటైటిస్ నిపుణుల సంఘం 2013లో దీన్ని 'ఆ ఏటి అలెర్జీ కారకం'గా ప్రకటించింది. కడిగేయకుండా ఒంటి మీదే ఉండిపోయే ఉత్పత్తుల్లో దీని వాడకాన్ని ఐరోపా సమాఖ్య 2017 నుంచి నిషేధించింది. వైప్ ఆ కోవలోకే వస్తుంది. తుడిచాక నీళ్లతో కడగం, ఆ తడి చర్మం మీదే ఆరుతుంది, పైన డైపర్ బిగిస్తాం.

డైపర్ కింద చర్మం మామూలు చర్మం కాదు. గాలి ఆడదు, తరచు ఒరుసుకుపోయి ఉంటుంది, పైన పూసింది లోపలికి ఇంకే వీలు ఎక్కువ. మూడేళ్ల లోపు పిల్లలకు ఆ భాగంలో వాడి కడగకుండా వదిలేసే వాటిల్లో ప్రొపైల్, బ్యూటైల్ పారాబెన్‌లను ఐరోపా 2014లో వద్దన్నది ఇందుకే. ఫినాక్సీఇథనాల్ అనే మరో ప్రిజర్వేటివ్ మీద మాత్రం నిపుణులే ఒక మాట మీద లేరు. మూడేళ్ల లోపు పిల్లలకు ఆ భాగంలో వాడొద్దని ఫ్రాన్స్ ఔషధ సంస్థ 2012లో సలహా ఇస్తే, 1 శాతం వరకు ఏ వయసుకైనా పరవాలేదని ఐరోపా శాస్త్రీయ సంఘం 2016లో తేల్చింది. నా మటుకు సోడియం బెంజోయేట్, సిట్రిక్ యాసిడ్ ఉన్న ప్యాకెట్ పక్కనే దొరుకుతుంటే ఈ వాదనలోకి దిగాల్సిన పని కనపడదు.

సిట్రిక్ యాసిడ్ అనగానే పసిచర్మానికి యాసిడా అని ఉలిక్కిపడతారు. అది అక్కడ ఉండటం మేలే. పుట్టినప్పుడు బిడ్డ చర్మం ఆమ్లమూ క్షారమూ కాని మధ్యస్థితికి దగ్గరగా ఉండి, కొద్ది వారాల్లో కాస్త ఆమ్లం వైపు, పీహెచ్ 5.5 ప్రాంతానికి జరుగుతుంది. ఆ పులుపే సూక్ష్మజీవులకు అడ్డుగోడ. డైపర్‌లో మలం, మూత్రం కలిస్తే మలంలోని బాక్టీరియా మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. చర్మం క్షారం వైపు మళ్లుతుంది. దాంతో మలంలో ఉన్న, కొవ్వునూ మాంసకృత్తులనూ జీర్ణం చేసే ఎంజైములు చురుకై చర్మాన్నే కొరకడం మొదలుపెడతాయి. డైపర్ దద్దు కథ చాలావరకు ఇదే. మామూలు సబ్బు కూడా క్షారమే కాబట్టి ఎర్రబడ్డ చోట సబ్బు రాస్తే మంట మీద మంట. కొంచెం పులుపు ఉన్న వైప్ చర్మాన్ని దాని చోటికి తిరిగి తెస్తుంది.

సెంటు విషయంలో నాకు ఏ సందేహమూ లేదు: వద్దు. 'ఫ్రాగ్రెన్స్' అనో 'పర్‌ఫ్యూమ్' అనో రాసిన ఒక్క మాట వెనక డజన్ల కొద్దీ పదార్థాలు దాగొచ్చు. 'అన్‌సెంటెడ్' అని ఉన్నా నమ్మకండి, వాసన తెలియకుండా మరో వాసనతో కప్పి ఉండొచ్చు. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అని ఉంటే కొంత నయం. లావెండర్, టీ ట్రీ నూనెలూ సెంటు కిందికే వస్తాయి. మొక్క నుంచి తీశారు కనుక పడుతుందనుకుంటే, జీడిగింజ రసమూ మొక్కదే కదా.

ఇక గుడ్డ. తెల్లగా, మెత్తగా ఉంటే నూలేననుకుంటాం. చాలా వాటిలో అది పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్, కొన్నింట్లో విస్కోస్‌తో కలిపి. లేబుల్ మీద ద్రవంలోని పదార్థాలు రాసి, గుడ్డ దేనిదో చెప్పకుండా వదిలేసినవి బోలెడు. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక వైప్‌ను బాగా కడిగి ఎండబెట్టండి. చిన్న ముక్కను పట్టకారుతో పట్టి, బిడ్డకు దూరంగా స్టీలు పళ్లెం మీద వెలిగించండి. కాగితంలా కాలి బూడిదైతే నూలో విస్కోసో. ముడుచుకుని, కరిగి, చల్లారాక గట్టి గుండుగా మిగిలితే ప్లాస్టిక్. కొంత బూడిద, కొంత గుండు అయితే రెండూ కలిసినట్టు.

విస్కోస్ చెట్ల గుజ్జుతో చేసేదే. ములుగు జిల్లా కమలాపురంలో 2014లో మూతపడ్డ రేయాన్స్ ఫ్యాక్టరీ ఇలాంటి గుజ్జే తయారుచేసేది. విస్కోస్ మట్టిలో కలుస్తుంది, నిజమే. కానీ గుజ్జును దారంగా మార్చడానికి కార్బన్ డైసల్ఫైడ్ వాడతారు, అది ఫ్యాక్టరీ కార్మికుల నరాలను దెబ్బతీసే విషం. 'వెదురు వైప్స్' చాలావరకు వెదురు గుజ్జుతో చేసిన విస్కోసే. విస్కోస్ బట్టల్ని వెదురు బట్టలుగా అమ్మినందుకు అమెరికా వాణిజ్య కమిషన్ 2013లోనూ 2022లోనూ పెద్ద పెద్ద దుకాణ సంస్థలకు జరిమానా వేసింది. లయోసెల్ అని రాసి ఉంటే ఆ విషం వాడని పద్ధతి. నూలు అయితే చెప్పాల్సిన పనే లేదు, ధర కాస్త ఎక్కువ.

మన దేశంలో 2022 జూలైలో నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ జాబితాలో వైప్స్ లేవు. ఐరోపాలో 2021 నుంచి ప్లాస్టిక్ ఉన్న వైప్స్ ప్యాకెట్ మీద తాబేలు బొమ్మతో హెచ్చరిక వేయాలి. ఇక్కడ అలాంటి బొమ్మ లేదు కానీ, ఆధారం లేకుండా 'ఎకో ఫ్రెండ్లీ' అని రాయకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది. కాబట్టి ఎన్నాళ్లకు, ఎలాంటి చోట కుళ్లిపోతుందో చెప్పని 'బయోడిగ్రేడబుల్' ముద్రకు విలువ ఇవ్వక్కర్లేదు. పైగా ఆ వైప్ చేరేది పెరటి ఎరువు గుంటకు కాదు, డంపింగ్ యార్డుకు. గాలి చొరని చెత్తగుట్టలో కుళ్లితే మీథేన్ వస్తుంది. ఎంత మంచి వైప్ అయినా తక్కువ వాడటమే అసలు ఉపాయం.

ఏ రకమైనా సరే, టాయిలెట్‌లో మాత్రం వేయొద్దు. లండన్ వైట్‌చాపెల్ మురుగు కాలువలో 2017లో దొరికిన కొవ్వుగడ్డ 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు. వంటనూనె, వైప్స్, డైపర్లు కలిసి గట్టిపడ్డ ముద్ద అది. అక్కడ దాన్ని యంత్రాలూ రక్షణ దుస్తులూ ఉన్న సిబ్బంది తవ్వి తీశారు. ఇక్కడ రక్షణ లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించినా, మ్యాన్‌హోల్‌లోకి ఇంకా మనిషే దిగుతున్నాడు. వాడిన వైప్‌ను కాగితంలో చుట్టి, డైపర్లతో పాటు విడిగా చెత్తబండికి ఇవ్వడం కష్టమైన పనేమీ కాదు.

ఇంట్లో ఉన్నప్పుడు అసలు వైప్ ఎందుకు? ఉత్త మూత్రానికి తుడవాల్సిన పని లేదు, డైపర్ మారిస్తే చాలు. మలానికి గోరువెచ్చని నీళ్లు, మెత్తని నూలు గుడ్డ సరిపోతాయి. అమ్మమ్మలు పాత చీరలు చింపి చేసిన పొత్తిగుడ్డలు ఈ పనికి ఇప్పటికీ సాటిలేనివి. రుద్దకుండా అద్దాలి, ఆడపిల్లకు ముందు నుంచి వెనక్కి తుడవాలి, ఆరాక డైపర్ వేయాలి. పౌడరు చల్లొద్దు, ఊపిరితో లోపలికి పోతుంది. అలాగని వైప్స్‌ను శత్రువులుగా చూడక్కర్లేదు. మాంచెస్టర్‌లో 280 మంది నవజాత శిశువుల మీద చేసి 2012లో ప్రచురించిన పరీక్షలో, దూదీ నీళ్లతో పోలిస్తే సెంటు లేని వైప్స్ చర్మానికి తీసిపోలేదని తేలింది. ఆ పరీక్షకు డబ్బు పెట్టింది పిల్లల ఉత్పత్తులు అమ్మే కంపెనీయే అని కూడా తెలిసి ఉండటం మంచిది.

రెండు మూడు రోజుల్లో తగ్గని ఎరుపు, తొడ మడతల్లోకి పాకిన ఎరుపు, దాని చుట్టూ విడివిడిగా చిన్న పొక్కులు ఉంటే అది ఫంగస్ కావచ్చు. వైప్ మార్చి చూస్తూ కూర్చోకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి.

వైప్స్ బదులు వాడే నూలు గుడ్డముక్కల్ని సబ్బు మిగలకుండా జాడించి ఎండలో ఆరేయాలి, బట్టల్ని మెత్తబరిచే వాసన ద్రవాలు వాడొద్దు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆఖరి జాడింపుకైనా మంచినీళ్లు మేలు. ప్రయాణానికైతే కాచి చల్లార్చిన నీళ్లతో తడిపి మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టుకెళ్లొచ్చు. వీటిలో ప్రిజర్వేటివ్ లేదు కనుక పొద్దున తడిపినవి రాత్రికి మిగిలితే వాడకుండా ఉతుకులో వేసేయాలి.